పాత దాగలి: దాని విలువ ఎక్కడ ఉన్నది?

కొలిమి ఉన్న ఊరిలో పెరిగినవారికి దాగలిని పరిచయం చేయనక్కరలేదు. నేలలో పాతిన తుమ్మ మొద్దు, ఆ మొద్దులో సగందాకా దిగవేసిన ఇనుప దిమ్మె, ఒక ప్రక్క తిత్తి, మరొక ప్రక్క నీళ్ళ తొట్టి. నాగటి కర్రు మొదలు బండిపట్టా వరకు ఆ దిమ్మె మీదనే రూపు దిద్దుకొనేవి. కొలిమి ఆరిపోయిన తరువాత ఆ దిమ్మె సాధారణంగా పాత ఇనుము కొనే కొట్టుకు చేరుతుంది. అక్కడ దానిని తక్కెడలో వేసి కిలోకు ఇంత అని లెక్క కడతారు. విరిగిన గడ్డపారకు ఏ ధరయో దాగలికీ అదే ధర. ఆ తక్కెడకు ఇనుము బరువు తెలుస్తుంది గాని, ఆ ఇనుము ముఖాన ఉన్న ఉక్కు సంగతి తెలియదు.

ఇదే వస్తువు ఇంగ్లండులోను, అమెరికాలోను వేరొక దారి పట్టినది. అక్కడ కూడ ఒకప్పుడు ప్రతి పల్లెకు ఒక కమ్మరిశాల ఉండేది. గుర్రాలు పోయి ట్రాక్టర్లు వచ్చినవి. అతుకు పని విద్యుత్తుతో చేయడం వచ్చినది. కమ్మరిశాలలు మూతబడినవి. రెండు ప్రపంచయుద్ధాల కాలంలో పాత ఇనుము ప్రోగుచేసినప్పుడు ఎన్నో దాగలులు కొలుముల్లో కరిగిపోయినవి. మిగిలినవి పశువుల కొట్టాలలోను, ఇంటి వెనుక షెడ్లలోను తుప్పు పట్టుతూ పడి ఉన్నవి. 1970ల తరువాత కమ్మరపనిని సరదాకు, కళకు చేసేవారు బయలుదేరినారు. 2015లో అమెరికాలో కత్తులు చేసే పోటీని చూపే ఫోర్జ్‌డ్ ఇన్ ఫైర్ అనే టెలివిజన్ కార్యక్రమం మొదలైనది. పాత దాగలులకు గిరాకీ మరింత పెరిగినది. నేడు అక్కడ పాత దాగలి బేరం పౌనుకు ఇన్ని డాలర్లు అని సాగుతుంది. అయితే పాత ఇనుపకొట్టు లెక్కవలె అన్నింటికీ ఒకటే రేటు కాదు. ఒకే బరువుగల రెండు దాగలులలో ఒకటి రెండవదానికి ఎన్నో రెట్లు పలకవచ్చును. ఈ తేడాకు కారణం పేరు, వయస్సు కొంతవరకు మాత్రమే. అసలు కారణం దాగలి పైన ఉండే అర అంగుళం మందంగల ఉక్కు పొరలో ఉన్నది.

దాగలి అంగాలు

ఇంగ్లీషు దాగలి మన దిమ్మెవలె చదరంగా ఉండదు. దానిలో ముందుకు పొడుచుకొని వచ్చిన గుండ్రని కొమ్ము, పైన చదునైన ముఖం, వెనుకకు పోయే మడమ, క్రింద సన్నని నడుము, నాలుగు పాదాలు ఉంటాయి. కొమ్ముకు, ముఖానికి నడుమ ఒక చిన్న మెట్టు ఉన్నది. మడమ దగ్గర ముఖంలో ఒక చదరపు రంధ్రం, ఒక చిన్న గుండ్రని రంధ్రం ఉంటాయి. చదరపు రంధ్రంలో ఉలులు మొదలైన పనిముట్లను నిలబెడతారు. గుండ్రని రంధ్రం గుర్రపునాడాలకు మేకు బెజ్జాలు పొడవడానికి వచ్చినది. 19వ శతాబ్ది పూర్వార్ధంలో ఈ గుండ్రని రంధ్రం వాడుకలోనికి వచ్చినది. అందువల్ల అది లేని ఇంగ్లీషు దాగలి కనబడితే అది చాలా పాతది కావచ్చునని ఊహిస్తారు.

ఈ అంగాలన్నీ ఒకే గట్టితనం గలవి కావు. ముఖం మాత్రమే పదును పెట్టిన ఉక్కు. కొమ్ము, మెట్టు మెత్తని ఇనుము. ఎఱ్ఱగా కాలిన కడ్డీని ఉలితో తెగగొట్టేటప్పుడు ఉలి చివరకు దాగలికి తగులుతుంది. అది ముఖానికి తగిలితే ముఖమూ చెడుతుంది, ఉలి మొనా పోతుంది. మెట్టు మెత్తన గనుక అక్కడ తెగగొడతారు. కాబట్టి మెట్టు మీద ఉలిగాట్లు ఉంటే అది లోపం కాదు. పనిలో తీరిన కమ్మరి చేతిలో ఉండినదని గుర్తు. అవే గాట్లు ముఖం మీద ఉంటే పని తెలియనివాడు వాడినాడని అర్థం.

ఇనుముకు ఉక్కు తొడుగు

దాగలి అంతటినీ ఉక్కుతోనే ఎందుకు చేయలేదు? ఆ రోజులలో ఉక్కు ఖరీదైనది. 19వ శతాబ్ది మధ్యకాలంలో బెస్సెమర్ పద్ధతి వచ్చేవరకు ఉక్కును పెద్ద మొత్తంలో చౌకగా తీయడం సాధ్యం కాలేదు. నూరు కిలోల దిమ్మె అంతా ఉక్కుతో చేయడం ఎవరికీ తాహతైన పని కాదు. దానికి తోడు, పదును పెట్టిన ఉక్కు పెళుసు. అంత పెద్ద దిమ్మె అంతా గట్టిగా ఉంటే ఎక్కడో ఒకచోట పగులు పుడుతుంది. కనుక దేహం చేత ఇనుముతోను, ముఖం ఉక్కుతోను చేసినారు. చేత ఇనుములో కార్బన్ అత్యల్పం. నూటికి పదోవంతు పాలు కూడ ఉండదు. ఎంత కాల్చి నీళ్ళలో ముంచినా అది గట్టిపడదు, కాని దెబ్బలకు పగలదు. ముఖానికి వాడే ఉక్కులో కార్బన్ ఎన్నో రెట్లు ఎక్కువ. దానికి పదును పెట్టవచ్చును.

ఈ రెండింటినీ కలపడమే పెద్ద పని. షెఫీల్డు నగరంలో రివెలిన్ నది ప్రక్కన ఉండిన మౌస్‌హోల్ కార్ఖానా ఈ పనికి ప్రసిద్ధి. అక్కడ నది నీటితో చక్రాలు తిరిగి పెద్ద సమ్మెటలను లేపేవి. చేత ఇనుము తునకలను కట్టలు కట్టి, తెల్లగా మెరిసే వేడికి తెచ్చి, దెబ్బలతో ఒక ముద్దగా అతికేవారు. పాదాలను, కొమ్మును విడివిడిగా చేసి దేహానికి అతికేవారు. చివరకు ముఖాన ఉక్కు పలకను అతికేవారు. అంత వేడి ముద్దను చేతితో తిప్పలేరు గదా. అందువల్ల దాని నడుములో, అడుగున బెజ్జాలు చేసి, వాటిలో పెద్ద కడ్డీలు దూర్చి త్రిప్పేవారు. ఆ బెజ్జాలు ఈనాటికీ పాత దాగలులలో కనబడతాయి. తెలియనివారు వాటిని చూచి ఏవో బోల్టులకు పెట్టినవని అనుకొంటారు. తెలిసినవారికి అవి దాగలిని పోత పోయలేదని, కొట్టి చేసినారని చెప్పే సాక్ష్యాలు.

తరువాత పదును పెట్టాలి. ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. చిన్న ఉలిని కాల్చి నీళ్ళలో ముంచితే సుయ్యిమని చల్లారి గట్టిపడుతుంది. ఎఱ్ఱగా కాలిన దాగలిని నీటిలో ముంచితే, దాని చుట్టూ నీరు మరిగి ఆవిరి పొర ఏర్పడుతుంది. ఆవిరి మంచి ఉష్ణవాహకం కాదు. ఆ పొర నడుమ అడ్డు నిలిచి, దేహంలోని వేడి నీటిలోకి పోకుండా ఆపుతుంది. కాలిన పెనం మీద చిలికిన నీటిబొట్టు వెంటనే ఆవిరైపోక, గిరగిర దొర్లడం వంటయింట్లో అందరూ చూచేదే. 1756లో లైడెన్‌ఫ్రాస్ట్ అనే జర్మను వైద్యుడు దీనిని వర్ణించినాడు. ఉక్కు నిదానంగా చల్లారితే గట్టిపడదు. అందువల్ల దాగలి ముఖం మీద పై నుండి నీటిధారను జోరుగా పడనిచ్చేవారు. ధార తాకిడికి ఆవిరి పొర ఎప్పటికప్పుడు చెదిరిపోతుంది. ఉక్కు వేగంగా చల్లారుతుంది. లోపల దేహంలో మిగిలిన వేడి మెల్లగా పైకి వచ్చి ఉక్కు పెళుసుదనాన్ని కొంత తగ్గిస్తుంది. ఎంత వేడి పైకి రానివ్వాలో కంటితో, అనుభవంతో నిర్ణయించేవారు.

ఇట్లు తయారైన పలక కొత్తలో సుమారు అర అంగుళం, అనగా 12 మిల్లీమీటర్ల మందం ఉండేది. దాగలి ప్రక్కకు తిప్పి పరీక్షగా చూస్తే, ముఖానికి కొంచెం క్రిందుగా సన్నని గీత ఒకటి కనబడవచ్చును. అదే అతుకు. ఆ గీతకు పైన ఉన్నదే విలువ. క్రింద ఉన్నది బరువు.

మూడు అంకెల చిక్కు

బరువు కూడ తక్కువ విషయం కాదు. అయితే ముందు దాగలి మీది బరువును చదవడం రావాలి. ఇంగ్లీషు దాగలి నడుము మీద 1, 2, 10 అని మూడు అంకెలు విడివిడిగా కొట్టి ఉంటాయి. తెలియని అమ్మకందారు 1210 పౌనులని చెప్పుతాడు. ఇంకొకడు అంకెలు కూడి 13 అంటాడు. రెండూ తప్పే. మొదటి అంకె హండ్రెడ్‌వెయిట్లు. పేరులో నూరు ఉన్నా ఒక హండ్రెడ్‌వెయిటుకు 112 పౌనులు. రెండవ అంకె పాతికలు, అనగా హండ్రెడ్‌వెయిటులో నాలుగవ భాగాలు. ఒక్కొక్కటి 28 పౌనులు. మూడవది విడి పౌనులు. కనుక 112కు 56, దానికి 10 కలిపితే 178 పౌనులు, లేక సుమారు 81 కిలోలు. మన పెద్దలు మణుగుకు 8 వీశెలు, వీశెకు 5 శేర్లు అని లెక్కించినట్లే ఇదీ ఒక లెక్క.

ఈ లెక్కలోనే ఒక తనిఖీ కూడ ఉన్నది. నాలుగు పాతికలైతే ఒక హండ్రెడ్‌వెయిటు అవుతుంది గనుక రెండవ అంకె 3ను మించరాదు. 28 పౌనులైతే ఒక పాతిక గనుక మూడవ సంఖ్య 27ను మించరాదు. మించినట్లయితే ఆ అంకెలు హండ్రెడ్‌వెయిటు లెక్కవి కావు, లేదా తుప్పువల్ల తప్పుగా చదువుతున్నామన్నమాట. బ్రూక్లిన్‌లోని హే-బడెన్ మొదలైన అమెరికను కంపెనీలు నేరుగా పౌనులలోనే బరువు కొట్టేవి. తుప్పు పట్టిన అక్షరాలను చదవడానికి శాసన పరిశోధకుల మార్గం మంచిది. మెత్తని బ్రష్షుతో దుమ్ము తుడిచి, సుద్దపొడి రుద్ది, ప్రక్కనుండి దీపం వెలుగు ఏటవాలుగా పడనిస్తే అక్షరాలు లేస్తాయి. కాగితం పరిచి పెన్సిలుతో రుద్దినా సరే. సాన యంత్రం పట్టిస్తే మాత్రం తుప్పుతో పాటు అక్షరాలూ పోతాయి.

బరువు ఎందుకు కావాలి? సుత్తె దాగలిని తాకినప్పుడు రెంటికి నడుమ కాలిన ఇనుము ఉన్నది. సుత్తెలోని గతిజశక్తిలో కొంత ఇనుమును సాగగొట్టడానికి, కొంత దాగలిని కదపడానికి ఖర్చవుతుంది. సుత్తె ఎగరక ఇనుముతో అంటుకొని ఆగిపోయినదని అనుకొంటే లెక్క సులభం. దాగలి ద్రవ్యరాశిని, దాగలి సుత్తెల మొత్తం ద్రవ్యరాశితో భాగిస్తే ఇనుముకు అందే పాలు వస్తుంది. ద్రవ్యవేగ నిత్యత్వ సూత్రం నుండి ఉన్నత పాఠశాల విద్యార్థి దీనిని రాబట్టవచ్చును. ఒక కిలో సుత్తె, 10 కిలోల దాగలి అయితే 11లో 10 వంతులు, అనగా నూటికి 91 పాళ్ళు ఇనుముకు చేరుతుంది. దాగలి 80 కిలోలైతే నూటికి 99 పాళ్ళకు దగ్గర. ఈ తేడా పెద్దదిగా తోచదు. కాని 5 కిలోల సమ్మెట ఎత్తినప్పుడు చూడండి: 10 కిలోల దాగలి మీద నూటికి 67 పాళ్ళు మాత్రమే పనికి వస్తుంది, 80 కిలోల దాగలి మీద 94 పాళ్ళు వస్తుంది. మన కమ్మరి చిన్న దిమ్మెను మొద్దులో, మొద్దును నేలలో గట్టిగా దిగవేయడంలోని కిటుకు కూడ ఇదే. మొద్దు, నేల కలిసి దాగలికి అరువు బరువు ఇస్తాయి.

ఉక్కు గోళీ పరీక్ష

ముఖాన ఉక్కు ఉన్నదో లేదో, ఉన్నది ఇంకా గట్టిగానే ఉన్నదో లేదో, దాగలిని చెడగొట్టకుండా తెలుసుకొనడం ఎట్లు? దీనికి కావలసిన పరికరం ఒక పెద్ద బాల్‌బేరింగు గోళీ, ఒక స్కేలు మాత్రమే. సుమారు 25 మిల్లీమీటర్ల వ్యాసం గల గోళీని 25 సెంటీమీటర్ల ఎత్తు నుండి ముఖం మీద జారవిడుస్తారు. అది ఎంత ఎత్తుకు ఎగిరినదో చూస్తారు. గోళీ నిట్టనిలువుగా పడడానికి గాజుగొట్టం పెడితే మరీ మంచిది.

గట్టి ముఖం మీద గోళీ పడినప్పుడు ముఖం, గోళీ రెండూ అణుమాత్రం నొక్కుకొని, తిరిగి పూర్వపు ఆకారానికి వస్తాయి. తీసుకొన్న శక్తిని దాదాపు అంతా తిరిగి ఇస్తాయి. మెత్తని ముఖం మీద పడితే చిన్న సొట్ట శాశ్వతంగా ఏర్పడుతుంది. ఆ సొట్టకు ఖర్చైన శక్తి తిరిగి రాదు. గోళీ 25 సెంటీమీటర్ల నుండి పడి 20 సెంటీమీటర్లు ఎగిరితే నూటికి 80 పాళ్ళ శక్తి తిరిగి వచ్చినది. దీని వర్గమూలం 0.89, భౌతికశాస్త్ర పాఠాలలో ప్రత్యవస్థాన గుణకం అనేది ఇదే. మంచి దాగలి ముఖం నూటికి 70 నుండి 90 పాళ్ళ వరకు ఇస్తుందని కమ్మరులు లెక్క పెట్టుకొంటారు. ఉక్కు ముఖం లేని మెత్తని పోత ఇనుప దిమ్మె మీద గోళీ సగం ఎత్తుకు కూడ లేవదు. 20వ శతాబ్ది ఆరంభంలో అమెరికాలో ఆల్బర్ట్ షోర్ కనిపెట్టిన స్క్లెరోస్కోపు అనే కాఠిన్యమాపకం కూడ ఈ సూత్రం మీదనే పనిచేస్తుంది. అందులో గోళీకి బదులు వజ్రపు మొనగల చిన్న సుత్తె పడి లేస్తుంది. కొనేవాడి జేబులోని గోళీ బీదవాని స్క్లెరోస్కోపు.

ఒకచోట వేసి చూస్తే చాలదు. ముఖమంతా రెండు మూడు అంగుళాలకొక చోటుగా వేసి చూడాలి. అంతటా ఎగిరి ఒకచోట మాత్రం చతికిలబడితే అక్కడ పలక దేహం నుండి విడిపోయి ఉండవచ్చును, లేదా ఎవరో కొత్త లోహం నింపి ఉండవచ్చును. రంధ్రాల దగ్గర, మడమ చివర కొంచెం తగ్గడం సహజం. అక్కడ క్రింద లోహం తక్కువ.

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. బాగా ఎగిరే దాగలి ఆ ఎగురుడు శక్తితోనే ఇనుమును క్రిందినుండి మరల కొడుతుందని కొందరు చెప్పుతూ ఉంటారు. మెత్తని కాలిన ఇనుము నడుమ ఉన్నప్పుడు సుత్తె అంతగా ఎగరనే ఎగరదు. గోళీ ఎగరడం గట్టితనానికి గుర్తు, అంతే. గట్టి ముఖం దెబ్బను తాను మింగదు గనుక ఆ దెబ్బ అంతా కాలిన ఇనుముకే దక్కుతుంది. కమ్మరికి కావలసినది ఇదే.

చెవి చెప్పే సాక్ష్యం

చేత ఇనుప దాగలిని చిన్న సుత్తెతో తడితే గంటవలె ఖంగుమంటుంది. పగులు ఉంటే, పలక విడిపోయి ఉంటే, ఆ చోట శబ్దం బొంగురుపోతుంది. కుండ కొనేటప్పుడు వ్రేలితో కొట్టి చూచుకొన్నట్లే. పోత ఇనుములో కార్బన్ గ్రాఫైటు రేకులుగా విడివడి ఉంటుంది. ఆ రేకులు కంపనాలను త్వరగా అణచివేస్తాయి. కాబట్టి పోత ఇనుప దిమ్మె టప్పుమని ఊరకుంటుంది.

మ్రోగనిది చెడ్డదని దీనినిబట్టి తీర్మానించేవారు ఒకచోట ఘోరంగా మోసపోతారు. న్యూజెర్సీలోని ట్రెంటన్‌లో ఫిషర్, నారిస్ కంపెనీ గరుడముద్రతో చేసిన దాగలులు అసలు మ్రోగవు. మార్క్ ఫిషర్ 1840లలో వేరొక ఉపాయం కనిపెట్టినాడు. ఉక్కు పలకను అచ్చులో ముందుగానే ఉంచి, దాని మీదికి కరిగిన పోత ఇనుమును పోసి, రెండింటినీ ఏకం చేసే పద్ధతి అది. దేహం పోత ఇనుము గనుక శబ్దం లేదు. ముఖం మంచి ఉక్కు గనుక గోళీ బాగా ఎగురుతుంది. శబ్దం లేకపోవడమే దానికి గుణమైనది. రోజంతా చెవులు గింగురుమనే పని చేసేవారికి అంతకంటె ఏమి కావాలి? ఇటు ఖంగుమనే దాగలి గలవారు దాని నడుముకు గొలుసు చుట్టి నోరు మూయించే ప్రయత్నం చేస్తూ ఉంటారు. ఏమైనా, శబ్దం ఒక్కటే చాలదు; గోళీతో కలిపి వినాలి.

పేర్లు, పొరపాట్లు

సేకరించేవారు పేర్లను వెదకుతారు. డడ్లీలోని పీటర్ రైట్ దాగలుల మీద వలయంలో ‘సాలిడ్ రాట్’ అనే మాటలు ఉంటాయి. దేహాన్ని ఎన్నో ముక్కలుగా కాక గట్టి ముద్దగా కొట్టినదని దాని భావం. మౌస్‌హోల్ దాగలుల మీద ఆ పేరు, ఆర్మిటేజ్ కుటుంబం పేరు ఉంటాయి. తరువాతి వాటిమీద చిన్న ఎలుక బొమ్మ కూడ ఉంటుంది. ఆ కార్ఖానా 1933లో మూతబడినది. అమెరికా 1890లో చేసిన సుంకం చట్టం ప్రకారం దిగుమతి సరుకుల మీద దేశం పేరు వేయవలసివచ్చినది. కాబట్టి ‘ఇంగ్లండ్’ అని ఉన్న దాగలి ఆ తరువాతిదే అయి ఉంటుంది. హే-బడెన్‌వారు, ఒహాయోలోని కొలంబస్‌లో తయారైన ట్రెంటన్ మార్కువారు పాదం మీద వరుససంఖ్య కొట్టేవారు. దానినిబట్టి తయారైన ఏడాదిని ఇంచుమించుగా చెప్పవచ్చును. ఇట్టి వివరాలన్నీ రిచర్డ్ పోస్ట్‌మన్ 1998లో ప్రకటించిన ‘ఆన్విల్స్ ఇన్ అమెరికా’ అనే పెద్ద పుస్తకంలో చేరినవి.

పేర్లలోనూ చిక్కులున్నవి. ట్రెంటన్ ఊరిలో చేసినది ఫిషర్ దాగలి. ట్రెంటన్ అనే మార్కుగలది కొలంబస్‌లో చేసినది. సుత్తె ఎత్తిన చేయి బొమ్మ చూచి ‘ఆర్మ్ అండ్ హామర్’ మార్కు అనుకొని ఎక్కువ ధర పెట్టేవారు ఉన్నారు. కాని ఇల్లినాయిస్‌లో పోత ఇనుముతో చేసిన వల్కన్ దాగలుల మీద కూడ అట్టి బొమ్మే ఉబ్బెత్తుగా ఉన్నది. ఆ రెండింటి విలువలో చాలా తేడా ఉన్నది. ఇక చౌకగా అమ్మే కొత్త పోత దిమ్మెలు కొన్ని కొమ్ము, మడమ, రంధ్రాలు అన్నీ కలిగి చూపులకు దాగలివలెనే ఉంటాయి. ఉక్కు ముఖం మాత్రం ఉండదు. వాటిని అమెరికను కమ్మరులు ‘దాగలి ఆకారపు వస్తువులు’ అని వేళాకోళం చేస్తారు. రంగు వేసినంత మాత్రాన గోళీ ఎగరదు. ‘కమ్మరి వీధిలో సూదులమ్మినట్లు’ అన్న సామెత వారికి తెలియదు గాని, ఇట్టి సరుకును వారి దగ్గరకు తెచ్చేవారి గతి అదే.

బాగుచేయబోయి చెడగొట్టడం

పాత దాగలి అంచులు పెచ్చులూడి ఉంటాయి. ముఖం నడుమ పల్లంగా అరిగి ఉంటుంది. కొత్తగా కొన్నవారికి ఇది చూడడానికి బాగుండదు. దానిని యంత్రశాలకు తీసుకొనిపోయి ముఖం చదునుగా చెక్కిస్తారు. అద్దంవలె మెరుస్తుంది. కాని చెక్కినది ఏది? పలక మొత్తం 12 మిల్లీమీటర్లు. నూరేండ్ల పనిలో కొంత అరిగినది. మిగిలినదానిలో 3, 4 మిల్లీమీటర్లు యంత్రానికి ఆహుతి అయితే ఎంత మిగులుతుంది? అదీ గాక, చేతితో కొట్టి చేసిన దాగలిలో ముఖం, అడుగు సరిగ్గా సమాంతరంగా ఉండవు. అడుగును ఆధారం చేసికొని చెక్కే యంత్రం ఒక ప్రక్క తక్కువ, మరొక ప్రక్క ఎక్కువ తీస్తుంది. ఒక కొసన ఉక్కు మొత్తం పోయి మెత్తని ఇనుము బయటపడిన దాగలులు లేకపోలేదు. నిజానికి నడుమ ఉన్న కొద్దిపాటి పల్లం పనికి అడ్డు కాదు; వంగిన కడ్డీని చక్క చేయడానికి ఆ పల్లమే అనువు.

పెచ్చులూడిన అంచులను విద్యుత్తు అతుకుతో నింపడం మరొక ప్రమాదం. పెద్ద చల్లని దిమ్మె మీద ఒకచోట మాత్రం మండే వేడి తగిలితే, ప్రక్కనున్న ఉక్కు కొంత మెత్తబడుతుంది. కొంత మరీ వేగంగా చల్లారి పెళుసుబారి పగులుతుంది. దాగలి అంతటినీ ముందుగా సుమారు 200 డిగ్రీల సెంటీగ్రేడు వరకు వేడిచేసి, తగిన లోహంతో నింపి, నిదానంగా చల్లార్చే నిపుణులు ఉన్నారు. వారి చేతిలో మంచి ఫలితాలే వచ్చినవి. తెలియక చేసినవి తరువాత ముక్కలుగా ఊడినవి. పెళుసు ముక్క దెబ్బకు తూటావలె లేచి కంటికి తగలవచ్చును గనుక ఇది ధరకు మించిన విషయం.

అన్నిటికంటె కపటమైన లోపం అగ్నిప్రమాదంలో చిక్కిన దాగలిది. పదును పెట్టిన ఉక్కు 200 డిగ్రీలు దాటినప్పటినుండి గట్టితనం కోల్పోనారంభిస్తుంది. వేడి ఎంత పెరిగితే అంత కోల్పోతుంది. కాలిపోయిన కొట్టం శిథిలాలలో దొరికిన దాగలికి అంచులు పదునుగానే ఉంటాయి, మార్కు స్పష్టంగానే ఉంటుంది, కొమ్ము అందంగానే ఉంటుంది. గోళీ మాత్రం లేవదు. దానికి తిరిగి పదును పెట్టడం నేటికీ తేలిక కాదు; అంత ముద్దను సమంగా కాల్చే కొలిమి, అంత జోరుగా పడే నీటిధార ఎవరి దగ్గర ఉన్నవి?

ఒక బేరం

ఇప్పుడు ఇవన్నీ ఒకచోట చేర్చి చూడవచ్చును. 1, 2, 10 అని అంకెలున్న ఒక దాగలిని అమ్మకానికి పెట్టినారనుకొందాం. ముఖం తళతళలాడుతున్నది. అంకెల ప్రకారం 178 పౌనులు. కాటా మీద పెడితే 171 తూగినది. 7 పౌనులు తక్కువ, అనగా 3.2 కిలోలు. ఇనుము సాంద్రత ఘనసెంటీమీటరుకు సుమారు 7.8 గ్రాములు. కాబట్టి పోయిన లోహం సుమారు 407 ఘనసెంటీమీటర్లు. ఈ దాగలి ముఖం పొడవు 42 సెంటీమీటర్లు, వెడల్పు 11 సెంటీమీటర్లు. వైశాల్యం 462 చదరపు సెంటీమీటర్లు. పోయినదంతా ముఖం మీదినుండే పోయినదనుకొంటే మందం సుమారు 9 మిల్లీమీటర్లు వస్తుంది. 12లో 9 పోతే మిగిలినది 3.

ఈ లెక్కను గ్రుడ్డిగా నమ్మరాదు. కార్ఖానాలో బరువు కొట్టినప్పుడే ఒకటి రెండు పౌనులు అటూ ఇటూ ఉండవచ్చును. కొమ్ము అరిగి ఉండవచ్చును, అంచులనుండి, పాదాలనుండి తునకలు పోయి ఉండవచ్చును. అందుకే కొనేవాడు దీపం ప్రక్కకు పెట్టి అతుకు గీతను వెదకుతాడు. అది ముఖానికి ఎంత దిగువన ఉన్నదో కొలుస్తాడు. తరువాత గోళీని ముఖం పొడుగునా వేసి చూస్తాడు. కొమ్ము వైపు 20 సెంటీమీటర్లు లేచిన గోళీ మడమకు ముందే, రంధ్రాలకు ఇవతలనే, 11 సెంటీమీటర్లకు పడిపోతే, యంత్రం ఏ ప్రక్క ఎక్కువ చెక్కినదో తేలిపోతుంది. ప్రక్కనే ముఖం పల్లంగా, అంచులు మొక్కవోయి, తుప్పు రంగులో ఉన్న మరొక దాగలి ఉన్నది. దాని మీద అంకెలు 1, 1, 14. అనగా 154 పౌనులు. కాటా మీద 152 తూగినది. గోళీ అన్నిచోట్లా 19, 20 సెంటీమీటర్లు లేచినది. పని తెలిసిన కమ్మరి ఈ రెండవదానినే బండికి ఎక్కిస్తాడు; బరువు తక్కువైనా పౌనుకు ఎక్కువ ధర ఇవ్వడానికి వెనుదీయడు.